పదిహేడు లోపాల బడి

మెదక్,
మే 18

టీచరమ్మా, నమస్తే.

మీకు చెవులు వినబడవు. ఫోన్లో నేనెంత అరిచినా ‘ఆఁ, బాగున్నా’ తప్ప మీ నుంచి వేరే జవాబు రాదు. మీ చిన్న ఫోన్లో మెసేజ్ చదవాలంటే పక్కన మీ చెల్లెలు ఉండాలి. అందుకే ఉత్తరం. మోకాలి ఆపరేషన్ తర్వాత నడక వచ్చిందా? శివ్వంపేటలో పొద్దుపోతున్నదా? ఈ రెండూ మర్యాదకు అడిగినవి. అసలు సంగతి వేరే.

మీరు పన్నెండేళ్లు హెడ్మాస్టరుగా ఉన్న ఖిల్లా కింది బడి మూతపడబోతోంది!

నేనిప్పుడు బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను. ఈ ఊళ్లో ఏ సంఘం కరపత్రం వేసినా నా చేతి మీదుగానే పోతుంది. ప్రతిదాంట్లో ఒక కాపీ దాచుకుంటాను. ఇంట్లో రెండు అరలు నిండాయి. అంగన్‌వాడీల జీతాలు, వడ్ల కొనుగోలు, కరెంటు బిల్లులు, అన్నీ చదివాను. డిగ్రీ తప్పితే తప్పాను గాని, లోకం ఎట్లా నడుస్తుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొన్న బడి కమిటీ కూర్చుంది. మా అక్క భాగ్య దానికి చైర్మన్. ఆమె బిడ్డ ఇషిత ఒకటో తరగతి కాబట్టి తల్లులంతా కలిసి ఎన్నుకున్నారు. చైర్మన్ అంటే ఏదో అనుకునేరు. చూపించిన చోట సంతకం పెడుతుంది, ఇంటికొచ్చి కుట్టుమిషన్ మీద కూర్చుంటుంది. ఈ ఏడు బడిపిల్లల యూనిఫాంలు వాళ్ల మహిళా సంఘమే కుడుతోంది. ఆమె నోరు తెరవదు గనక ఆమె వెనక నేను పోయి కూర్చుంటున్నాను.

ఇప్పటి హెడ్మాస్టరు జాన్సన్ సార్ కాగితం చదివాడు. జూలై 31న లెక్క. ఇరవై మంది పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉంటారు. తగ్గితే నిస్సి టీచర్ను వేరే బడికి పంపుతారు, అయిదు తరగతులకూ జాన్సన్ సార్ ఒక్కడే. వచ్చే ఏడు మిగిలిన పిల్లల్ని పెద్దరోడ్డు అవతలి బడిలో కలుపుతారు. ఆరేళ్ల ఇషిత లారీల మధ్య ఆ రోడ్డు దాటాలన్నమాట.

‘ఇరువయారు మంది ఉన్నరు గదా, భయమెందుకు?’ అన్నాడు టీ హోటల్ గాలయ్య. ఆయన మనుమడు మూడో తరగతి. నాకు మండింది. ఒకప్పుడు నూరు మంది ఉన్న బడిలో ఇరవై ఆరుగురే ఎందుకున్నారు? లోపాలు ఉన్నాయి కాబట్టి! అక్కడే కూర్చుని పదిహేడు రాశాను. కప్పు కారుతుంది, నల్లా రాదు, మరుగుదొడ్డికి తలుపు లేదు, ఇట్లా. జాన్సన్ సార్ అంతా విని, ‘నెమ్మదిగా ఎల్లేష్, ఒక్కొక్కటి చేద్దాం’ అన్నాడు.

నెమ్మది! ఈ దేశాన్ని ముంచింది ఈ ఒక్క మాటే.

కరపత్రం వేస్తున్నాను టీచరమ్మా. పైన పెద్ద అక్షరాలు: ‘ఇది బడా? బందెలదొడ్డా?’ జనం మేల్కొనాలి.

మీ ఎల్లేష్


శివ్వంపేట,
మే 27

ఎల్లేషూ,

నీ ఉత్తరం చదువుతుంటే నా చెవులు మళ్లీ వినబడ్డట్టయింది. అంత అరిచావు.

మూడో తరగతిలో పలక పగలగొట్టి ‘పలకదే తప్పు’ అన్నవాడివి నువ్వు. అప్పటికీ ఇప్పటికీ గొంతు పెరిగింది, మీసం వచ్చింది. మిగతాది అట్లాగే ఉంది. సంతోషం.

కరపత్రం పంచకముందు నాకొక కాపీ పంపు. అందులో అబద్ధాలుంటాయని కాదు. నిజాన్ని ఎవరి చేతికిస్తున్నావో చూసుకోవాలి. అధికారి బల్ల మీద పెట్టే కాగితం వేరు, తల్లి చేతిలో పెట్టే కాగితం వేరు.

జాన్సన్‌ను నేను ఇరవై ఏళ్ల పైనుంచి ఎరుగుదును. ఆయనది నెమ్మదే. చేతగానితనం మాత్రం కాదు. ఆ తేడా నీ అరల్లో ఏ కాగితంలోనూ దొరకదు, మనిషిని చూస్తేనే తెలుస్తుంది.

నడుస్తున్నాను, వాకిలి దాకా. గడప దాటడానికి ఇంకా కర్ర కావాలి.

భాగ్య సంతకం పెడుతుందని రాశావు. బాగా పెడుతుందా? చేయి వణకకుండా?

నిర్మలమ్మ


మెదక్,
జూన్ 21

టీచరమ్మా,

మీ ఉత్తరం కొంచెం ఆలస్యంగా అందింది.

బడులు తెరిచారు. మన బడికి వచ్చింది పదముగ్గురు. పదముగ్గురే! ఎందుకు రారు చెప్పండి? ఊరంతా పసుపుపచ్చ వ్యాన్లు తిరుగుతున్నాయి. టై, బూట్లు, గేటు ముందు ఏనుగు బొమ్మ. పేదవాడి భయంతో వ్యాపారం చేస్తున్నారు. దీని వెనక పెద్ద కుట్ర ఉంది, నేను చదివాను. విద్య అంగడి సరుకైపోయింది. ప్రజలు గొర్రెలు. ఎవడు తోలితే వాడి వెంట పోతున్నారు.

జాన్సన్ సార్ నాతో సరిగా మాట్లాడటం లేదు. నిస్సి టీచర్ అయితే నేను కనబడితే మొఖం తిప్పుకుంటోంది. నేనేం చేశానని? బడి కోసం గొంతు చించుకునేది నేనే గదా!

ఇప్పుడు మీతో పని పడింది. గాలయ్య ఒక ఉపాయం చెప్పాడు. ‘పోయిన పిల్లల పేర్లు గట్లనే ఉంచుండ్రి సార్. జూలై దాటేదాంక. ఎవడొచ్చి సూస్తడు?’ ఏడు పేర్లు ఉంచితే చాలు, గట్టెక్కుతాం. తప్పు కాదు టీచరమ్మా, ఇది పోరాటంలో ఎత్తుగడ. అన్యాయపు లెక్కకు అన్యాయపు జవాబు. కాని జాన్సన్ సార్ పెన్ను మూత తీయడు. ‘నేను రాయను’ అంటాడు, అంతే. ఎందుకు రాయవంటే కిటికీలోంచి బయటికి చూస్తాడు. పిరికి మనిషి!

మీరంటే ఆయనకు గౌరవం. రాయమని మీరొక్క ముక్క రాయండి. చాలు.

ఎల్లేష్


శివ్వంపేట,
జూన్ 26

ఎల్లేషూ,

రెండు పేజీలు రాశావు. వ్యాన్ల గురించి ఉంది, ఏనుగు బొమ్మ గురించి ఉంది. కరపత్రం గురించి ఒక్క ముక్క లేదు. అంటే పంచావన్నమాట. ఎన్ని?

ఇంటింటికీ వేశావా? తలుపుల కిందనుంచి తోశావా?

పేర్ల సంగతి. వద్దు. జాన్సన్‌కు నేను రాయను. ఆయన ఎందుకు పెన్ను తీయడో నాకు తెలుసు, నీకు చెప్పను. పిరికి అనే మాట మాత్రం వెనక్కి తీసుకో.

ఏ తలుపుల కింద తోశావో ఆ తలుపులన్నీ తట్టు. జాన్సన్‌ను వెంట తీసుకుపో. చేతిలో కాగితం పట్టుకోకు.

నిర్మలమ్మ


మెదక్,
జూలై 3

టీచరమ్మా,

నాలుగు వందలు.

అవును, పంచాను. మీ ఉత్తరం రాకముందే. మే నెలాఖరున, ఖిల్లా కింద ఒక్క ఇల్లు వదలకుండా. ఆరోజు ఎంత గర్వపడ్డానో!

మీరు చెప్పినట్టే జాన్సన్ సార్ వెంట పోయాను. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించే ‘బడిబాట’ అంటే నేను ఎప్పుడూ నవ్వేవాణ్ణి, టీచర్లు ఎండలో ఫొటోలకు తిరుగుతారని. ఫొటో లేదు, ఏమీ లేదు. సార్‌కు ప్రతి ఇంట్లో పిల్లల పేర్లే కాదు, వాళ్ల మేకల పేర్లు కూడా తెలుసు.

పూలు అమ్మే గోదావరి ఇంటికి పోయాం. ఆమె కొడుకు రెండో తరగతి. నా కరపత్రం ఆమె తలుపుకే అంటించి ఉంది. నేను నోరు తెరవబోయాను.

‘తమ్మీ, నువ్వే రాసినవ్ గదా, పైకప్పు ఎప్పుడు కూలుతదో తెల్వదని? మా ఆయన సదివి వినిపించిండు. విన్నాంక నా కొడుకును అండ్ల కూసుండవెడ్తనా? నువ్వయితె కూసుండవెడ్తవా?’

తలుపు మీది కాగితం మూల గోటితో గీకడం మొదలుపెట్టాను.

‘మా తాన పైసలు యాడియి? అప్పు జేసి వ్యాన్ల ఎక్కించినం. నీ కాగితం సదివే ఎక్కించినం’ అన్నది ఆమె. జాన్సన్ సార్ నన్ను కాపాడుతూ, ‘పిల్లగాడు తొందర్ల రాసిండమ్మా, కడుపుల ఏం లేదు’ అన్నాడు. అది ఇంకా ఘోరంగా ఉంది.

అట్లా పదకొండు ఇళ్లు. ప్రతి ఇంట్లో నా మాటలే నాకు చదివి వినిపించారు. పిల్లల్ని తోలింది ఎవరో కాదు టీచరమ్మా, నేనే.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. పదిహేడో లోపం ఏం రాశానో తెలుసా? ‘ఇక్కడి టీచర్ల పిల్లలు ఇక్కడ చదవరు.’ వేరే ఊరి బడి మీద వేసిన కరపత్రంలోంచి తీసి పెట్టాను, బాగుందని. తిరిగొచ్చేటప్పుడు నిస్సి టీచర్ గేటు దగ్గర ఆపింది.

‘ఎల్లేష్, జర ఇటు సూడు. గా మూలకు ముక్కు కార్చుకుంట కూసున్నడు సూడు, ఆయన పేరు జోయెల్. రెండో తరగతి. నా కొడుకే. నీ పదముగ్గురిల ఆయనొక్కడు. ముక్కు తుడువనీకె గూడ నాకు తీరుత లేదు, నువ్వేమొ నా మీద కరపత్రం ఏసినవ్.’

భూమి చీలితే బాగుండుననిపించింది.

అయినా నాకు కోపం పోలేదు. ఇప్పుడు మీ మీద ఉంది. పదకొండు ఇళ్లు తిరిగితే వచ్చింది ముగ్గురు. పదహారు. ఇంకా నలుగురు కావాలి, నెల కూడా లేదు. నాలుగే నాలుగు పేర్లు! ఎందుకు వద్దో చెప్పరు, సార్ చెప్పడు. కారణం లేని ఆజ్ఞకు నేను తల వంచను. పదో తారీఖు లోపల మీరు చెప్పకపోతే గాలయ్యా నేనూ కలిసి సార్ చేత రాయిస్తాం. ఎట్లా రాయించాలో మాకు తెలుసు.

ఎల్లేష్


శివ్వంపేట,
జూలై 7

ఎల్లేషూ,

చెప్తాను. నిలబడి చదవకు, కూర్చో.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. నువ్వు మీ అమ్మ బాలనర్సమ్మ చంకలో ఉన్నావు. నేను కొత్తగా హెడ్మాస్టర్నయ్యాను. అప్పుడూ ఒక లెక్క వచ్చింది. మూడో టీచరు ఉండాలంటే ఇంతమంది పిల్లలుండాలన్నారు. ఆరుగురు తక్కువ. బడి మానేసిన ఆరుగురి పేర్లు కొట్టేయకుండా ఉంచాను. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. నువ్వు అన్నావే, ఎత్తుగడ, అదే.

ఆ ఆరుగురిలో ఒకరు భాగ్య. నాలుగో తరగతి.

మీ అమ్మ ఆ పిల్లను నాట్లకని పాపన్నపేటలో మీ అమ్మమ్మ దగ్గరికి పంపింది. నాట్లకు పోయి, కలుపుకు ఉండి, కోతలకు ఆగిపోయింది. మామూలుగా ఒక పిల్ల మూడు రోజులు రాకపోతే నేను ఇంటికి పోయేదాన్ని. మనిషినైనా పంపేదాన్ని. ఆమె కోసం ఎవరూ పోలేదు. ఎందుకు పోతారు? రిజిస్టరు ప్రకారం భాగ్య రోజూ బడికి వస్తోంది. రాస్తూ రాస్తూ నేనే నమ్మేశాను. బడిలో ఉన్నట్టు రాసిన పిల్లను వెతకడానికి ఎవరూ బయల్దేరరు ఎల్లేషూ. పాపన్నపేట బస్సు మన బడి ముందునుంచే పోయేది. అరగంట ప్రయాణం. నేను ఎక్కలేదు.

జాన్సన్ ఆ ఏడే ఉద్యోగంలో చేరాడు. నాలుగో తరగతి ఆయనదే. ఒక రోజు అడిగాడు, ‘భాగ్య ఏది మేడం?’ అని. ‘రాయండి’ అన్నాను. కొత్త ఉద్యోగం, హెడ్మాస్టరు మాట. రాశాడు. ఆ తర్వాత ఆయన ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. నాకు తెలిసి మరిచిపోనూ లేదు. అందుకే పెన్ను తీయడు.

మూడో టీచరు పోస్టు దక్కింది. నాకు మెచ్చుకోలు కాగితం కూడా వచ్చింది.

ఈ ఉత్తరం భాగ్యకు చూపిస్తావో లేదో నీ ఇష్టం. నేను చెప్పాల్సింది ఆమెకు. ఇన్నేళ్లూ ఎదురుపడ్డప్పుడల్లా ‘బాగున్నావా బిడ్డా’ అని తప్పించుకున్నాను.

నిర్మలమ్మ


మెదక్,
జూలై 17

టీచరమ్మా,

మీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. మీ మీద ఒక కరపత్రం రాశాను, మనసులోనే. అది ఎంత పెద్దదో మీకు చెప్పను.

చివరికి అక్కే అడిగింది. ‘టీచరమ్మ ఏం రాసింది? మొకం గట్ల వెట్టుకున్నవ్?’ ఇచ్చేశాను. అక్క అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతుంది. మిషన్ మీద సగం కుట్టిన చొక్కా అట్లాగే వేలాడుతోంది. చదివింది. మడిచింది. మడిచి రెవికలో పెట్టుకుని చొక్కా చేయి కుట్టడం మొదలుపెట్టింది. నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు.

తెల్లారి బడికి పోయింది. నేను వెనకే పోయాను. జాన్సన్ సార్‌ను పాత రిజిస్టరు చూపించమంది. సార్ ఏమీ అడగలేదు. బీరువా అడుగు నుంచి తీసి దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాడు. ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది ఆయనకు. అక్క తన పేరు వెంట వేలు నడిపించింది.

‘ఇగో, నవంబరుల గూడ వచ్చిన. డిసెంబరుల గూడ. మస్తు మంచి పిల్లనే ఉన్న సార్ నేను, ఒక్కనాడు నాగ వెట్టలే.’

సార్ తల వంచుకున్నాడు. ‘ఆ హాజరు గీతలు నేనే గీసిన భాగ్యా. అడిగిన, మల్ల ఊకున్న.’

‘ఇప్పుడు గియ్యమంటె మీరు గియ్యలే గదా సార్. పదముగ్గురుంటె పదముగ్గురే రాసిండ్రు.’ రిజిస్టరు మూసి అన్నది: ‘ఇగ నుంచి పొద్దుగాల పది కొట్టంగనె రాని పిల్లల పేర్లు నాకియ్యుండ్రి. నేను పోత.’

ఆ సాయంత్రమే కమిటీని పిలిచింది. మా అక్క, నోరు తెరవని చైర్మన్! గోదావరి తలుపు మీది కరపత్రం చింపుకొచ్చి అందరి ముందు పెట్టింది.

‘మా తమ్ముడు రాసినయి పదిహేడు. చివరిది అబద్ధం. నిస్సి టీచర్‌కు తప్పయిందని చెప్పురా.’

చెప్పాను. అందరి ముందు.

‘ఇగ పదారు మిగిలినయ్. అన్ని నిజమే. నిజమైతె మనం ఏడ్సుకుంట కూసునుడు ఎందుకు? ఎవలకేది చేతనయితదో చెప్పుండ్రి, పేరు రాసుకుంట.’

ముందు చర్చి దగ్గర తాపీ పనిచేసే ఆశీర్వాదం లేచాడు. ‘ఒకటో నంబరు, కప్పు. నాది. గాని కింద సిమెంటు మాలు కలిపెటోడు కావాలె.’ జాన్సన్ సార్ అన్నాడు, ‘నేను కలుపుత. మా నాయిన తాపీ మేస్త్రే.’ గాలయ్య నల్లా తీసుకున్నాడు. మరుగుదొడ్డి తలుపు ఒకరు, వంటగది పొగగొట్టం ఒకరు. నిస్సి టీచర్ గోడలకు సున్నం. ‘మరి నువ్వు?’ అంది అక్క నా వైపు చూసి. మురికినీళ్ల మోరీ పూడిక ఎవరూ తీసుకోలేదు. తొమ్మిదో నంబరు. నేనే రాసిన నంబరు.

వరసగా నాలుగు రోజులు పనిచేశాం. మోరీలోంచి నేను తీసిన బురద ఎడ్లబండెడు. కాళ్లకు చెప్పుల్లేకుండా, లుంగీ ఎగ్గట్టి, తలమీద మాలు తట్టతో నిచ్చెన ఎక్కుతున్న జాన్సన్ సార్‌ను చూడాలి మీరు. ఆయన నెమ్మదిగా ఎక్కుతాడు. కాని ఆగడు. పిరికి అన్న మాట వెనక్కి తీసుకున్నాను టీచరమ్మా, ఆయనకు వినబడేటట్టు.

అక్క ఇంకో పని చేసింది. సంఘం మిషన్లు నాలుగూ ఇంట్లోంచి బడి వరండాలోకి పట్టించింది. యూనిఫాంలు ఎట్లాగూ ఈ పిల్లలవే గదా, కొలతలు ఇక్కడే తీసి ఇక్కడే కుడదాం అన్నది. పొద్దంతా నలుగురు తల్లులు వరండాలో. పాఠం చెప్పేది వింటారు, అన్నంలో రాయి వస్తే అక్కడే అడుగుతారు, టీచర్లు అలిసిపోతే చాయ్ తెప్పిస్తారు. నిస్సి టీచర్ ఒకటో తరగతి చూస్తుంటే రెండో తరగతికి ఒక తల్లి పద్యం చెప్పిస్తుంది, తప్పులతోనే. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఒకామె నిన్న గోడ మీదనుంచి అడిగింది: ‘మా పోరని కొలత గూడ తీసుకోరాదు వదినా?’ అక్క కొలతబద్ద మెడలో వేసుకుని, ‘కొలత కావాల్నంటె పోరడు గూడ కావాలె’ అన్నది.

ఈ రోజుకు ఇరవై ఒకటి. పేర్లు కాదు, పిల్లలు.

గోదావరి కొడుకు ఇంకా రాలేదు. ఆమె వచ్చి కప్పు చూసి పోయింది. ‘వాన పడనీ, సూస్త’ అన్నది.

అక్క మీకేమీ రాయమనలేదు. అడిగాను. ‘రాసేటప్పుడు నేనే రాస్త’ అన్నది.

ఎల్లేష్


శివ్వంపేట,
జూలై 23

ఎల్లేషూ,

ఎంత పెద్ద కరపత్రం రాసినా అందులో తప్పుండదు. నా విషయంలో ఒక్కటి కూడా కొట్టేయకు.

జాన్సన్ మాలు మోశాడా! ఆయన నాన్న మేస్త్రీ అని ఇరవై ఏళ్లలో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

ముప్పై ఒకటిన ఏమైందో ఆ రోజే రాయి. ఒక్క అంకె వేసి పంపినా చాలు. ఇరవై కాకపోతే కాలేదనే రాయి.

నిర్మలమ్మ


మెదక్,
ఆగస్టు 1

టీచరమ్మా!

ఒక్క అంకె వేసి పంపితే చాలన్నారు. అట్లా ఎట్లా పంపుతాను? మొదటినుంచి వినండి.

ముప్పయ్యో తారీఖుకు రిజిస్టరులో ఇరవై నలుగురు. నవ్వుకుంటూ పడుకున్నాం. తెల్లవారుజాము నుంచి వాన మొదలైంది. వాన కాదు, ఆకాశానికి అడుగు ఊడింది. దిగువ గల్లీల్లో మోకాలి లోతు నీళ్లు. తొమ్మిదింటికి బడిలో ఉన్నది పదకొండు మంది!

పదింటికి మండలం అధికారి జీపు దిగాడు. ఆయన రిజిస్టరు ముట్టుకోలేదు. ‘పుస్తకం మూయండి. పిల్లలను చూపించండి. లెక్కపెట్టుకుని పోతా’ అన్నాడు.

‘హెడ్మాస్టర్ ఏరీ?’

‘పిల్లలను తేనీకె పోయిండు సార్’ అన్నది అక్క.

‘నేను వస్తున్నానని తెలుసా ఆయనకు?’

‘తెల్సు సార్. అందుకే పోయిండు.’

అధికారికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ‘ఇంకో రెండు బళ్లు చూడాలి. పదకొండున్నర దాకా ఉంటాను’ అన్నాడు.

తల్లులు గొడుగులు, యూరియా సంచులు నెత్తిన వేసుకుని బయల్దేరారు. ఒక్కొక్కరినీ చంకనేసుకుని తెస్తున్నారు. గాలయ్య గేటు దగ్గర తడుస్తూ, వచ్చినవాళ్ల లెక్క గొంతెత్తి చెప్తున్నాడు: ‘పదమూడు! పదహారు!’ పదకొండుంబావుకు పద్దెనిమిది. అక్కడ ఆగింది. దిగువ గల్లీ నుంచి ఎవరూ రావడం లేదు. జాన్సన్ సార్, ఆశీర్వాదం అటే పోయారు, వాళ్లూ లేరు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను. తిట్టండి.

పక్క గదిలో అంగన్‌వాడీ ఉంది గదా. పోయి ఇద్దరిని ఎత్తుకొచ్చాను. ఒకటో తరగతి బల్ల మీద కూర్చోబెట్టి, ‘జర సేపు గిట్లనే కూసుండుండ్రి, బిస్కట్లిస్త’ అన్నాను. పద్దెనిమిదీ రెండూ ఇరవై! ఎవరికి తెలుస్తుంది? అధికారి లేచి వరండాలోకి వస్తున్నాడు కూడా.

అక్క చూసింది. మిషన్ మీంచి లేచి వచ్చి, ఆ ఇద్దరి చేతులూ పట్టుకుని, అధికారి ముందునుంచే నడిపించుకుంటూ పోయింది. ‘వీళ్లు మా వాళ్లు కాదు సార్. అంగన్‌వాడోళ్లు. మా తమ్ముడు తీస్కచ్చిండు. తప్పయింది. మా వాళ్లు పద్దెనిమిది.’

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇన్నాళ్ల కష్టం మా అక్క నోటితోనే పోయిందనుకున్నాను. ఆ క్షణంలో ఆమెను కొట్టాలనిపించింది టీచరమ్మా, నిజం చెప్తున్నాను. ఆమె నా వైపు చూసింది. ‘ఇషితను గూడ గిట్లనే రాసుకుంటర్రా రేపు?’ అన్నది, నాకొక్కడికే వినబడేటట్టు.

అధికారి గడియారం చూసుకున్నాడు. పన్నెండు నిమిషాలుంది. ఆయన మళ్లీ కూర్చున్నాడు. ‘చాయ్ ఉందా?’ అన్నాడు. గాలయ్య పరుగెత్తాడు.

చాయ్ సగం తాగాడో లేదో ట్రాక్టరు చప్పుడు. ఆశీర్వాదం మేస్త్రీ కంకర మోసే ట్రాలీ! పైన నీలం టార్పాలిన్ కప్పి ఉంది. నాలుగు మూలలా నలుగురు పట్టుకున్నారు. ఒక మూల జాన్సన్ సార్, నడుం దాకా బురద. గేట్లోకి వచ్చాక టార్పాలిన్ ఎత్తారు. కిందనుంచి ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ, అయిదూ. పొడిగా! ఒక్క చుక్క తడవకుండా! వాళ్ల వెనక గోదావరి, పూలబుట్ట కొడుకు నెత్తిన బోర్లించి, తను నీళ్లు కారుతూ.

‘వాన వడ్డది గదా’ అన్నది నాతో. ‘సూద్దామని వచ్చిన.’ తల పైకెత్తి కప్పు చూసింది. గోడ వెంట వేలు రాసి చూసుకుంది. పొడి. కొడుకు నెత్తిమీది బుట్ట తీసి, ‘పో, కూసో’ అన్నది.

అధికారి ఒక్కొక్క పిల్ల తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. రిజిస్టరులో ఉన్న ఒక పిల్ల అమ్మమ్మ ఊరికి పోయింది. గోదావరి కొడుకు ఇంకా రిజిస్టరులో లేడు. జాన్సన్ సార్ బురద చేతులు తుడుచుకుని, ఆయన ముందే ఆ పేరు రాశాడు. పెన్ను మూత తీసి! ఎంత వేగంగా రాశాడో, నేను ఆయన్ను అంత వేగంగా ఎప్పుడూ చూడలేదు.

‘రెండు పోస్టులూ ఉంటాయి’ అన్నాడు అధికారి కాగితం మీద రాస్తూ. ‘బడి ఎక్కడికీ పోదు. ఇంతకూ ఇక్కడ చైర్మన్ ఎవరు?’ ఇరవై నలుగురు పిల్లలు, నలుగురు కుట్టే తల్లులు, నిస్సి టీచర్, గాలయ్య, అందరూ ఒకేసారి అక్క వైపు వేలు చూపించారు. అక్క సిగ్గుపడి చెంగు అడ్డం పెట్టుకుంది. జీపు మలుపు తిరిగిందో లేదో, అరుపులు! నిస్సి టీచర్ జోయెల్‌ను ఎత్తుకుని వానలో గిరగిర తిప్పింది. ఆశీర్వాదం ట్రాక్టరు హారన్ మీంచి చెయ్యి తీయలేదు. ఇషిత నా భుజాల మీద. జాన్సన్ సార్ మాత్రం నెమ్మదిగా పోయి గంట కొట్టాడు. ‘అన్నం యాల్లయింది’ అన్నాడు.

అందరం కూర్చుని పిల్లలతోటే తిన్నాం. టీచర్లు వడ్డించారు, తల్లులు తిన్నారు. తర్వాత తల్లులు వడ్డించారు.

దీని మీద ఒక కరపత్రం వేయాలని చేతులు దురద పెడుతున్నాయి. అక్క చదివి సరే అంటేనే వేస్తాను.

మీ ఎల్లేష్


మెదక్,
ఆగస్టు 10

టీచరమ్మకు, భాగ్య రాస్తున్న.

నాకు మాట్లాడినట్టే రాసుడు వస్తది. తప్పులుంటె సదువుకోండ్రి. గీ కాగితం నాలుగు దినాల సంది రాస్తున్న.

మీ మీద కోపం ఉన్నదా అంటె ఉన్నది. లేదని రాస్తె అది గూడ దొంగ హాజరే అయితది. పాపన్నపేటల నాట్లేసేటప్పుడు రోజు బస్సు దిక్కు సూసేదాన్ని. టీచరమ్మ వస్తదేమో, రమ్మంటదేమో అని. మీరు రాలే. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. తెలిస్తె కోపం పోతదనుకున్న. కొంచెం పోయింది. మిగిలింది నా తాన ఉండనియ్యుండ్రి, నేను సూసుకుంట.

గాని మీరు చెప్పిండ్రు. చెప్పకుంటె మా ఎల్లేషు పేర్లు రాయించెటోడు. బడి కాయిదం మీద ఉండేది. నా బిడ్డ అండ్ల లేకున్నా ఎవ్వలకు తెల్వకపోయేది.

జాన్సన్ సార్ ఇప్పుడు నాకు సాయంత్రం నాలుగో తరగతి పుస్తకం సదివిస్తుండు. పిల్లలు పోయినాంక అర్ధ గంట. గోదావరి గూడ కూసుంటది. నిస్సి టీచర్ మా తప్పులకు నవ్వుతది, మేం ఆమె కుట్లకు నవ్వుతం. ఆమెకు మిషన్ నేర్పుతున్న.

ఎల్లేషు దినాం షాపు బంద్ చేసి వచ్చి వరండ ఊడుస్తుండు. ఎవ్వలు చెప్పలే. నోరు మాత్రం ఊకుంట లేదు. ఊకోవద్దు గూడ. మొన్న మండలం ఆఫీసుకు పోయి నల్లా పైపు గురించి లొల్లి వెట్టిండు. వాళ్లు వెంటనే మనిషిని తోలిండ్రు.

మీకు మోకాలు బాగయినాంక ఒకసారి రాండ్రి. ఆశీర్వాదం మేస్త్రీ గేటు కాడ మెట్టు పక్కకు కర్రతోటి ఎక్కెటోళ్లకు వాలుగ చేసిండు. అదే పదిహేడు నంబరు కింద రాసుకున్నం.

ఈ రోజుకు ఇరువయేడు మంది ఉన్నరు. మీరు వచ్చినాడు రిజిస్టరు మీ ముందల వెట్టం టీచరమ్మా. పిల్లలను కూసుండవెడ్త. ఒక్కొక్కల మొకం సూసి, పేరు అడిగి, మీరే లెక్కవెట్టుండ్రి.

భాగ్య
చైర్మన్